సీటు కింద కట్టని సంచి

డెబ్భైల్లో మాట. కూచిపూడిలో నాట్యం నేర్చుకుంటున్న మా చెల్లి, మొదటి ప్రదర్శనకు కావలసిన గజ్జెల్ని అనంతపురంలో మా ఇంట్లో మరిచిపోయింది. అవి తీసుకుని, రైల్లో సైకిలుతో సహా బెజవాడలో దిగాను. బస్సులుండగా సైకిలెందుకంటే, అది నా పిచ్చి. సైకిలు సీటు కింది పాత సంచి ప్లాట్‌ఫారం మీదే చిరిగింది.

గవర్నర్‌పేటలో సంచులు కుట్టే సాయిబుగారితో, "కాలవగట్టు దారికి ఆగే సంచి కావాలండీ. ఒక్క గజ్జె నీళ్లలో పడినా మా చెల్లి నన్నూ అందులోకే తోస్తుంది," అన్నాను.

ఆయన లారీ టార్పాలిన్‌తో కుట్టిన సంచి ఇచ్చారు. గజ్జెలు అందులో వేసి సీటు కిందికి వంగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఏం బాబూ, ఆ పాప కళ్లకద్దుకునే గజ్జెల మీద మీరు కూర్చుంటారా?"

"కూర్చునేది సీటు మీదండీ."

"ఆ సీటు దేని మీదుంటది మరి?"

వాదన మానేసి సంచి ఆయన చేతికిచ్చాను. అలా జరగడం అరుదు. ఆయనే సంచిని హ్యాండిల్‌కి బిగించారు.

గట్టు గుంతల్లో నా కీళ్లన్నీ వదులయ్యాయి గాని, సంచి కుట్టు ఒక్కటీ వదల్లేదు. గజ్జెల మోతకు గేదెలు వాటంతటవే తప్పుకున్నాయి. సాయంత్రం ఊరి మొదట్లోనే చెల్లి ఎదురొచ్చి, ముందు సంచిని చూసింది.

"సీటు కింద కట్టి తెస్తావేమోనని భయపడ్డా అన్నయ్యా."

"ఛ, ఆ మాత్రం తెలీదూ?" అన్నాను.