నిప్పుల మీద ఈడుస్తానన్న దొర

ఇంగ్లీషు దొర బెదిరింపును దొర మొహం మీదే తిప్పికొట్టిన తెలుగువాడు మారిషస్ దీవి మొత్తానికి నేనొక్కణ్ణే. మోకా ఊళ్ళో ఆ రోజు నేను నోరు తెరిస్తే దొర చేతిలో చుట్ట జారి కింద పడింది. బయట గుర్రం కూడా తల వంచింది. మనవలకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో! కాగితం మీద పెడుతున్నాను కనక సవరణలు తప్పవు. చుట్ట జారలేదు. గుర్రం తల వంచింది గడ్డి కోసం.

అప్పటికి నాకింకా మీసం సరిగా రాలేదు. చక్కెర మిల్లు ఇంజనీరు దొరకు గుర్రబ్బండి తోలేవాణ్ణి. నాన్న పోయాక, నాకా కొలువు దొరికాకే అమ్మ చెరకు కత్తి కింద పెట్టింది. నా పని పోతే ఆమె మళ్ళీ తోటకు పోవాలి. అప్పటికే మోకాళ్ళు పట్టుకుని లేచేది.

దొర చెయ్యి చేసుకునేవాడు కాదు. కోపమంతా నోట్లోనే. "నీ పేగులు తీసి మేజోళ్ళకు కట్టుకుంటా" అనేవాడు. కాస్త చల్లబడ్డాక ఆ మాట ఎక్కడిదని అడిగితే ఉబ్బిపోయి చెప్పేవాడు. పూర్వం వాళ్ళ దేశంలో మగవాళ్ళు మేజోళ్ళు జారకుండా మోకాలి కింద పట్టీలు కట్టుకునేవారట. "చట్టం చదివి వినిపిస్తా" అనేది ఇంకొకటి. అల్లరి గుంపు ముందు అధికారి నిలబడి నిజంగానే చట్టం చదివేవాడట. విన్నాక గంటలోగా చెదిరిపోకపోతే ఆపైన సిపాయిలదే పని. ఇంటికొచ్చి ఇవన్నీ తెలుగులో వడ్డిస్తే అమ్మ ముక్కు మూసుకునేది.

"పేగులేటిరా, సీ! ముందు కడగొద్దేటి?"

అమ్మ బెదిరింపు ఒకటే, "కోదండం ఎయ్యాలిరా నిన్ను" అని. వీధిబడిలో అల్లరి పిల్లాణ్ణి తాడుతో దూలానికి వేలాడదీసే శిక్ష అది. అమ్మ ఏ బడీ చూడలేదు, ఆ దూలమూ చూడలేదు. ఓడలో తాత మోసుకొచ్చిన మాట ఆమె నోట మిగిలింది, అంతే.

ఆ ఏడు అమ్మోరి పండగకు ఘటాలు ఏటి దాకా సాగనంపి వచ్చేసరికి నాకు పొద్దెక్కిపోయింది. మోకా వానలో దొర బండి కోసం నిలబడి తడిసి ముద్దయ్యాడు. "సోమవారం ఆఫీసుకు రా, నిన్ను నిప్పుల మీద ఈడుస్తా" అన్నాడు. దాని పుట్టుక కూడా అంతకుముందే చెప్పి ఉన్నాడు. మతం విషయంలో అనుమానం వచ్చినవాణ్ణి వెనకటికి నిప్పుల మీద లాగేవారట. కాలకపోతే మంచివాడు. ఇప్పుడు ఒట్టి చీవాట్లే.

ఆ సంగతీ అమ్మకు చెప్పాను. నవ్వలేదు. పక్క వాడ తమిళుల కోవెల్లో ఏటేటా నిప్పులు తొక్కుతారు. చిన్నప్పుడు నాకు జ్వరం తగ్గితే అమ్మ కూడా అక్కడ మొక్కు తీర్చుకుంది.

"ఒట్టి తిట్టేనమ్మా."

"తెలుసురా. నిప్పు పేరెత్తినాక ఒట్టి మాటుండదు. సోమారం దాకా నీసు ముట్టకు, ఒంటిపూట తిను." నా చేతికి పసుపు తోరం కట్టింది. నిప్పులు తొక్కేవాళ్ళు కట్టుకునేదే.

సోమవారం దొర ఆ తోరాన్ని చూసి అదేమిటన్నాడు. "మీరు నిప్పుల మీద ఈడుస్తానన్నారు కదా దొరా, ఉపవాసముండి సిద్ధపడి వచ్చాను" అన్నాను. దొర కిటికీ వైపు చాలాసేపు చూశాడు. "వెళ్ళి బండి కట్టు" అన్నాడు. అంతే. కొలువు నిలిచింది.

ఇప్పుడా దొర లేడు, అమ్మా లేదు. పిల్లలు అల్లరి చేస్తే మా కోడలు ఇక్కడి క్రియోల్ భాషలో "మో పూ బాత్ త్వా" అంటుంది, కొడతానని. పాపం, మంచి పిల్ల, కొట్టదు. నేను వంటింట్లో కావాలనే చెంబు పడేస్తుంటాను. "పర్లేదు, మామయ్యా" అని తనే తీసి పెడుతుంది. చెంబు సొట్టలు పడింది కానీ, నాకు కావలసిన మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

అందుకే ఈ కాగితాలు పట్టుకుని లాల్మతీలో ఉన్న మా అక్క దగ్గరకు వెళ్ళాను. బఠాణీలు ఒలుస్తూ మొత్తం వింది.

"అయిందేటి?"

"అయిందక్కా."

"కోదండం ఎయ్యాలిరా నిన్ను, ఈ వయసులో!"

నాకు కావలసిన మాట అదే. "ఇంకోసారి అనవే" అన్నాను. అనలేదు.

"ఉపాసం నువ్వెక్కడున్నావురా? ఆదివారం మా ఇంట్లోనే కదా చేపల కూర అడిగి మరీ ఏయించుకున్నావు! నిన్ను నమ్మలేకే అమ్మ తన చేతికీ తోరం కట్టుకుంది, ఉపాసం తనే ఉంది. సోమారం నీ ఎనకే నడిసొచ్చి ఆ కిటికీ బయట నిలబడింది. తనే చెప్పింది నాకు. దొర సూసింది అమ్మనిరా. నిన్ను కాదు."