మరమనిషి మెడ

మా వీధిలో ఉండే వదినకు పళ్ళు లేవు. మనవడు కొనిచ్చిన ఎర్రకళ్ళ మరమనిషి తలకాయ ఆకారంలో, లోపల పళ్ళున్న డబ్బాలో ఆకూ వక్కా వేసి, మెడ తిప్పి నలుపుకునేది. తిప్పేముందు ప్రతిసారీ ఆ బొమ్మతో "ఏమనుకోకు నాయనా" అనేది.

ఒకసారి నకరికల్లు దగ్గర నేనూ వదినా పోతున్న బస్సును యాభైమంది పోలీసులు తుపాకులతో చుట్టుముట్టారు. అబద్ధం, ఎక్కింది ఒక్క కానిస్టేబులే. వదిన చేతిలోని డబ్బా చూసి మా సీటు దగ్గర ఆగాడు.

"ఏందమ్మా, గంజాయి నలిపేది నీకాడ ఎందుకుంది? దిగు. పక్కన ఆయన కూడా."

నేను లేచి గర్జించాను. అదీ అబద్ధమే. లేచింది దిగిపోవడానికే. వదినే డబ్బా అతని చేతికిచ్చి, బోసినోరు తెరిచి చూపింది. అతను మూత తీసి, వాసన చూసి, తిరిగిచ్చేసి దిగిపోయాడు.

బస్సు కదిలాక బొమ్మ మెడ తిప్పబోతే, వణుకుతున్న వదిన చేతులకు పట్టు దొరకలేదు.

"నువ్వు తిప్పు మరిదీ" అంది.

డబ్బా అందుకున్నాను. ఆ ఎర్రకళ్ళకేసి చూసి, "ఏమనుకోకు నాయనా" అన్నాను.