చదవని యూనివర్సిటీకి చందా

మధ్యాహ్నం కువైట్‌లోని జాబ్రియాలో మా యజమానురాలిని పళ్ల డాక్టర్ దగ్గర దింపి కారులో కూర్చున్నాను. మా జిల్లా యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి వాట్సాప్‌లో ఫోన్ చేసింది. ప్రభుత్వం ఇచ్చేదీ ఫీజులూ చాలక, కొత్త ల్యాబ్ కోసం పూర్వ విద్యార్థులను చందా అడుగుతున్నారట.

“మీది ఏ బ్యాచ్ సార్?”

“నేను చదువుకోలేదు పాపా. మీ హాస్టల్‌కు రంగులేసినా.”

“అయ్యో! కువైట్‌లో సీనియర్ అని ఎవరో నంబరిచ్చినారన్నా. ఫోన్ పెట్టేస్తా.”

ఈ వారంలో నాతో తెలుగులో మాట్లాడింది ఆ అమ్మాయి ఒక్కతే.

“చందా ఇచ్చినోళ్లకు మళ్లీ ఫోన్ చేస్తారా?” అన్నాను.

“ఏటా చేస్తామన్నా. ల్యాబ్ ఎంతవరకు వచ్చిందో చెప్పాల కదా!”

“ఎంతిస్తే చేస్తారు?”

“ఎంతిచ్చినా చేస్తాం” అని నవ్వింది.

సాయంత్రం నాకు తోచింది పంపాను. రోజూ రాసుకునే లెక్కల్లో దాన్ని చదువు కింద రాయాలో, ఫోన్ ఖర్చు కింద రాయాలో తేలడం లేదు. మీరైతే ఎందులో రాస్తారు?