గఫూర్ రిపీటర్‌కు చెవుడు

ప్రత్తిపాడు దగ్గరి మిర్చి కోల్డ్ స్టోరేజీలో గఫూర్ ఎలక్ట్రీషియన్. సరదాకి సొంత వైర్‌లెస్ సెట్టులో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు కూడా ఉంది. ఉద్యోగం గురించి అడిగినా లైసెన్సు గురించే చెబుతాడు.

మూతబడిన నూలు మిల్లు తాలూకు రిపీటర్ పాత ఇనుము కొట్లో కనిపించిన రోజు సంబరంతో అతనికి అన్నం సహించలేదు; వెంటనే కొనేశాడు. రిపీటర్ అంటే దూరం నుంచి వచ్చే సన్నటి మాటను విని, అదే క్షణంలో గట్టిగా మళ్లీ పలికే పెట్టె. మిల్లు ఫ్రీక్వెన్సీలు చెరిపి హామ్ వాళ్లవి ఎక్కించేసరికి వారం పట్టింది. మిగిలింది డూప్లెక్సర్. అంటే ఆరు లోహపు డబ్బాలు. పెట్టె కేక దాని చెవిలోనే పడి చెవుడు రాకుండా కాపాడేవి అవే. వాటి కడ్డీలను వెంట్రుకవాసి చొప్పున జరిపి సరిచేయాలి.

మే నెల. యార్డులో మిర్చి ఘాటు. కడ్డీ పట్టుకుంటే తుమ్ము, తుమ్మితే కడ్డీ ఎటో పోయేది. గఫూర్ సరంజామా అంతా కోల్డ్ స్టోరేజీ లోపలికి చేరవేసి, స్వెట్టరూ మంకీ క్యాపూ తగిలించుకుని టిక్కీల మధ్య, అంటే మిర్చి బస్తాల మధ్య, కూర్చున్నాడు.

"ఏరా గఫూరూ, బస్తాలకు వేసినట్టు నీక్కూడా లాట్ నంబరు వేయమంటావా?" అన్నాడు ముఠా మేస్త్రి హుస్సేన్ సాహెబ్.

కొలతలు మాత్రం అద్భుతంగా కుదిరాయి.

అంతలో తుఫాను ముంచుకొచ్చింది. తీరంలో తుఫాను షెల్టరుకు ఇంకో హామ్, సైన్సు టీచరు రెబ్కా, తన సెట్టు పట్టుకుని వెళ్లింది. అక్కడ నాలుగొందల మంది. ఫోన్లు పోతే వాళ్లకు గఫూర్ రిపీటరే దిక్కు. మధ్యాహ్నానికి దాన్ని స్టోరేజీ వెనక టవరు కింది రేకుల గదిలో బిగించాడు. నాలుగింటికి ఫోను మోగింది.

"గఫూర్ గారూ, మీ మాట ఖంగున వినపడుతోంది. నేను పదిసార్లు పిలిచా. వచ్చిందా?"

"రాలేదు టీచరమ్మా."

"అయితే దానికి నోరే గానీ చెవుల్లేవు. డూప్లెక్సర్ ఎక్కడ ట్యూన్ చేశారు?"

"మా స్టోరేజీలోనే."

"స్టోరేజీలో ఎక్కడ?"

"లోపల."

"లోపల ఎన్ని డిగ్రీలు?"

గఫూర్ డబ్బా మీద చెయ్యి వేశాడు. చురుక్కుమంది. "ఆరు," అన్నాడు మెల్లగా.

"అయ్యో! వేడికి లోహం సాగుతుందని మా ఏడో తరగతి పిల్లల్నడిగినా..."

ఫోను తెగింది. మళ్లీ కలవలేదు.

కరెంటు పోయింది. రేకులు దడదడలాడుతున్నాయి. బ్యాటరీ మీద కొలత పెట్టె నడుస్తుంటే గఫూర్ ఒక్కో కడ్డీ మొదటినుంచి జరుపుతున్నాడు. హుస్సేన్ సాహెబ్ టార్చి పట్టాడు.

"మామూ, లైటు కదపకు."

"కదిలేది లైటు కాదురా, గది."

ఆరో నట్టు బిగించి, వైర్లు కలిపి, రిపీటర్‌నూ బ్యాటరీకి తగిలించి పిలిచాడు. గరగర తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచాడు. లేదు. వైర్లు విప్పి చూస్తే మూడో డబ్బాలో నట్టుతోపాటు కడ్డీ కూడా తిరిగింది. ముక్కులో తుమ్ము. పెదవి కొరికి ఆపుకుని, కడ్డీని వెనక్కి జరిపి బిగించి, మళ్లీ కలిపాడు.

మైకు నొక్కకముందే పెట్టెలోంచి మాట వచ్చింది. రెబ్కా గొంతే.

"...బాపట్ల, వినపడుతోందా? ఇక్కడ ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. కాలవ మీది కల్వర్టు అరగంటలో మునిగిపోద్ది. బండి ఇప్పుడే పంపండి. ఓవర్."

బాపట్ల కలెక్టరేట్‌లో కూర్చున్న హామ్ వెంటనే అందుకున్నాడు. "విన్నానండీ. బండి కదులుతోంది. ఊరి పేరు ఇంకోసారి చెప్పండి."

గఫూర్ మైకు ఎత్తబోయాడు. హుస్సేన్ సాహెబ్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు ఆగరా. వాళ్లని మాట్లాడుకోనీ."