తుత్తం కలిపిన జిగురు

తెల్లవారితే తాత జ్ఞాపకార్థ కూడిక. బాపు పెట్టెలోంచి తాత కీర్తనల పుస్తకం తీశాడు. తెరవగానే మొదటి రెండు కాగితాలు విరిగి చేతిలోకి వచ్చాయి. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న తాత కొనుక్కున్న ఒకే ఒక్క పుస్తకం అది. ఏటా కూడికలో బాపు దాన్ని చూసే పాడతాడు.

"జర మైదా ఉడకబెట్టు. తుత్తం నేను తెస్త," అన్నాడు అమ్మతో.

కట్టంగూర్ దగ్గర మాకు బత్తాయి తోట ఉంది. తెగులు రాకుండా చెట్ల మొదళ్లకు మైలతుత్తం, సున్నం కలిపి పూస్తాం. తెలంగాణ వచ్చిన ఏడు, చెదలు పట్టకూడదని బాపు ఆ తుత్తాన్నే మైదా జిగురులో కలిపి, ఊడుతున్న కాగితాలను పిన్నులు కొట్టిన అంచున అతికించాడు. చెదలైతే పట్టలేదు.

నేను మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తాను. పుస్తకాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాను. కాగితం నడుమ పసుపు తిరిగింది, కానీ వంగుతోంది. ఇనుప పిన్నుల చుట్టూ తుప్పు మచ్చలు. అక్కడ పొడి రాలుతోంది. జిగురు తగిలినంత మేర వేలెడు వెడల్పున గోధుమ రంగు పట్టీ, ముట్టుకుంటే విరుగుతోంది. మైలతుత్తం రాగి లవణమే; రాగైనా ఇనుమైనా లవణంగా కాగితంలోకి దిగితే, గాలీ తేమా చేసే పాడు పనిని వేగం చేస్తుంది. పట్టీ అక్షరాలకు గింజంత దూరంలో ఆగి ఉంది.

"తుత్తం వద్దు బాపు. ఈ పట్టీ మొత్తం కోసెయ్యాలె."

"మా నాయిన బుక్కు కోస్తవా? సదివినోనివి, ఏమన్న చేస్తవు!"

"చెదల నోట్లకెల్లి తీసి తుత్తం నోట్ల పెట్టిండు మీ బాపు," అంది అమ్మ పొయ్యి దగ్గర నుంచి.

నేను బాపునే అడిగాను. "సున్నం లేకుంట ఉత్త తుత్తం కొడితే బత్తాయి ఆకు ఏమైతది?"

"మాడుతది."

"జిగురుల సున్నం ఏసినవా?"

బాపు విరిగిన కాగితాన్ని తిప్పి చూశాడు. "గిప్పుడు ఏస్తే?"

"తుత్తంల పులుపు విరుగుతది. రాగి పోదు."

"కడుగుదమా మరి?"

"తడి తగిల్తే రాగి అక్షరాల దిక్కు పాకుతది."

"కోస్తే బుక్కు విడిపోతది గదరా."

"విడి కాగితాలైతయ్. వరుసగ పెట్టి గుడ్డల కడదం."

బాపు లేచి, బత్తాయి అంట్లు కట్టే చాకు తెచ్చాడు. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. "స్కేలు పట్టు," అన్నాడు. పిన్నులు పీకి, పట్టీ పక్కన స్కేలు ఆనించాను. మొదటి కాగితం తానే కోశాడు. దాన్ని వెలుగులో పెట్టి, ఒక్కో పాదం మొదటి అక్షరాన్ని వేలితో తాకుతూ కిందిదాకా చదివాడు. అన్నీ ఉన్నాయి.

"ఇంకోటి పెట్టు," అన్నాడు.