తిత్తి మరవని ఎడమ చెయ్యి

నాంపల్లిలో ఒక ఆడపిల్లల బడి. విద్యావతమ్మ అక్కడ హార్మోనియం నేర్పేది. పియానో పరీక్ష పాసైతే ఉద్యోగం పర్మనెంటు చేస్తామని 1963లో బడివాళ్లు మాటిచ్చారు. అప్పటినుంచి మూడు నెలలుగా రోజూ పొద్దున్నే అబిడ్స్‌కు నడిచివచ్చి, వామన్‌రావు వాయిద్యాల దుకాణంలో, బేరాలు మొదలయ్యేలోగా రెండు గంటలు సాధన చేసేది. కిరాయి మాటెత్తితే ఆయనకు కోపం.

పరీక్షలో వాయించాల్సిన పాట దాదాపు అంతా వచ్చేసింది. రెండో పేజీలో నాలుగు వరుసలే మొండికేశాయి. అక్కడ కుడి చెయ్యి గబగబా పరుగెత్తాలి, ఎడమ చెయ్యి పియానో కింది మెట్ల మీంచి పై మెట్లకు దూకుతూ ఉండాలి. మెల్లగా వాయిస్తే రెండూ బుద్ధిగా నడిచేవి. వేగం పెంచగానే ఎడమ చెయ్యి మెట్లు వదిలేసి గాలిలో ముందుకూ వెనక్కూ ఊగేది. ఇరవై ఏళ్లు భజనల్లో హార్మోనియం తిత్తి ఆడించిన చెయ్యి అది.

"ఏందమ్మా, దీనికి గూడ గాలి కొడుతున్నరా?" అని నవ్వేవాడు వామన్‌రావు.

"జర ఊకోండి రావుగారూ, నాకు ఏడుపొస్తున్నది!"

ఊడ్చడానికి వచ్చే వీరమ్మ మాత్రం చీపురు పక్కన పెట్టి, సాధన అయ్యేదాకా గడపలో చప్పుడు చేయకుండా కూర్చునేది. ఒకనాడు విసుగు పట్టలేక విద్యావతమ్మ తన ఎడమ చేతిని ఛెళ్లున కొట్టుకుంది. వీరమ్మ గబుక్కున లేచివచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"దేవునికి వాయించిన చెయ్యమ్మా. గట్ల కొడ్తరా?"

"మరి మాట వినదేంది, వీరమ్మా?"

"ఇన్నేండ్లు నువ్వు చెప్పిందే చేసింది గద. దానికేం ఎరుక?"

విద్యావతమ్మకు సిగ్గేసింది. ఆ చేతిని కళ్లకద్దుకుని మళ్లీ మొదలుపెట్టింది. అది మళ్లీ ఊగింది.

పరీక్షనాడు ఆ నాలుగు వరుసలు దగ్గరపడ్డాయి. ఇదే వేగంతో పోతే చెయ్యి ఊగడం ఖాయం. వేగం తగ్గించి, ఒక్క మెట్టూ తప్పకుండా వాయించింది. పరీక్షాధికారి తలెత్తకుండా ఏదో రాసుకున్నాడు.

పదిరోజులకు కాగితం వచ్చింది. ఫెయిల్. ఆ భాగానికి వేగం చాలలేదట. ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

"ఒక్క మెట్టు తప్పలే గద! ఇదేం న్యాయం?" అని వామన్‌రావు మండిపడ్డాడు.

"వాయించాల్సిన తీరున వాయించలే. ఆయన తప్పేం లేదు."

విద్యావతమ్మ పియానో ముందుకు స్టూలు లాక్కుని కూర్చుంది. కుడి చేతిని ఒడిలో పెట్టుకుని, ఎడమ చేత్తోనే ఆ నాలుగు వరుసలు వాయించడం మొదలుపెట్టింది. మూడోసారికే తప్పింది. "ఛీ!" అంది. మళ్లీ వాయించింది. మళ్లీ తప్పింది.

దుకాణం తెరిచే వేళ దాటిపోయింది. వామన్‌రావు తలుపు సగమే తీసి, వచ్చిన బేరగాణ్ని బయటే నిలబెట్టి మాటల్లో పెట్టాడు.