ముందుగా తానే జవాబు చెప్పిన మేడం

మేడం పోయారన్న కబురు నాకు తెనాలి బస్టాండులో తెలిసింది. రేపల్లె బస్సు ఎక్కబోతుంటే ఆవిడ తమ్ముడుగారు ఫోన్ చేశారు. "అక్కయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా. నిద్రలోనే. శనివారం బాపట్లలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. స్టూడెంట్ల తరఫున నువ్వు నాలుగు మంచి మాటలు చెప్పాలి" అన్నారు. సరేనండి అన్నాను. బస్సు వెళ్ళిపోయింది. నాకు ఏడుపుతో పాటు భయం కూడా వేసింది. మేడం గురించి నా దగ్గరున్న అన్నిటికంటే మంచి మాట, వినడానికి మంచి మాటలా ఉండదు.

ఆవిడ మాకు మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. మనిషి తన గురించి తాను ఏమనుకుంటాడు, ఇరుగుపొరుగు అతని గురించి ఏమనుకుంటారు, ఈ రెండింటికీ ఎంత దూరం అన్నదే ఆవిడ పరిశోధనంతా. మమ్మల్ని వెంటేసుకుని ఊళ్ళు తిరిగేవారు. చేబ్రోలులో మేం పింఛన్లు కోయడానికి వచ్చామనుకుని సగం వీధి తలుపులేసుకుంది. తెనాలిలో ఒక టైలరు "నాకసలు కోపమే రాదండి" అని చెప్పి, అదే ఊపిరితో కాజాలు కుట్టే కుర్రాణ్ణి కేకలేశాడు. మేడం నవ్వలేదు. "ఆయన అబద్ధం చెప్పలేదర్రా. ఆయనకి తను అలాగే కనబడుతున్నాడు" అన్నారు.

ఆవిడకొక పద్ధతుండేది. జనాన్ని ఏ ప్రశ్న అడగాలన్నా ముందు మేమే దానికి జవాబు చెప్పుకోవాలి, పైకి, అందరి ముందూ. మొదటి జవాబు ఆవిడదే. రేపల్లె ప్యాసింజర్లో కూడా ఆ సరదా మానేవారు కాదు. ఎదుటి సీట్లో కూర్చున్నాయన ఏం చేస్తుంటాడో ముందు తను ఊహించి, మాచేత ఊహింపజేసి, తర్వాత నేరుగా ఆయన్నే అడిగేసేవారు. కళ్ళజోడు చూసి హెడ్మాస్టరు అన్నారొకసారి. తీరా ఆయన రొయ్యల మేత ఏజెంటు. "చూశారా, నా కళ్ళు ఎంత మోసం చేశాయో" అని ఆవిడ తెగ సంబరపడ్డారు.

ఆ పద్ధతి నా మీదికే వచ్చిన రోజు గురించి చెప్పాలి. అప్పుడు మేం అయిదుగురం రేపల్లె స్టేషను దగ్గర ఒక గది తీసుకుని పనిచేస్తున్నాం. మాది స్టూవర్టుపురం. తెల్లదొరలు మావాళ్ళని దొంగల జాతి అని చట్టం చేసి, తెచ్చి కట్టడిలో ఉంచిన ఊరు. ఆ చట్టం ఎప్పుడో పోయింది, మా ఇళ్ళలో టీచర్లున్నారు, నర్సులున్నారు, అయినా బస్సులో ఎవరైనా ఊరడిగితే "బాపట్ల దగ్గరండి" అనేస్తాం. కానీ మేడానికీ, జట్టులో వాళ్ళకీ నా ఊరు తెలుసు.

ఆ మధ్యాహ్నం వాయిస్ రికార్డరు కనబడలేదు. సంగం జాగర్లమూడిలో తిరిగి తిరిగి తెచ్చిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి. చాపలెత్తాం, బీరువా వెనక చూశాం. లేదు. ఇంటి ఓనరు గుమ్మంలోకి వచ్చి, "ఇందులో ఏముందండీ, అందరి సంచులూ ఓసారి చూసేస్తే పోలా" అన్నాడు. ఎవరూ నావైపు చూడటం లేదు, చూడకుండా ఉండటానికి అవస్థ పడుతున్నారు. నేనే లేచి నా సంచి తెచ్చి చాప మీద బోర్లించాను. బట్టలు, దువ్వెన, మందుల చీటీ, అన్నీ అందరి ముందూ పడ్డాయి.

"తీసెయ్యమ్మా" అన్నారు మేడం. "నీ సంచి చూస్తే మా అనుమానం తీరుతుందేమో, మా బుద్ధి మారదు." తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగారు. "మన పద్ధతి ప్రకారం ముందు నేను చెబుతాను. రికార్డర్ లేదనగానే నేను ఎవరివైపు చూశాను? ఈ అమ్మాయి వైపు. ఎందుకు చూశాను? ఈ పిల్లది ఏ ఊరో తెలుసు కాబట్టి. ఇంకో కారణం లేదు. ఇప్పుడు మీరు చెప్పండి."

ఒక్కొక్కరూ చెప్పారు. నలుగురిదీ అదే జవాబు. నా పక్కన పడుకునే స్నేహితురాలు అయితే ఏడుస్తూ చెప్పింది. అంత అవమానం నా జీవితంలో మళ్ళీ ఎరగను. ఆ సాయంత్రం స్టేషనుకి నడుస్తూ మేడాన్ని అడిగేశాను.

"మీరు పైకి అనకుండా ఉంటే బాగుండేది కదండీ?"

"అనకపోతే నీకు తెలియకపోనా?"

"తెలుసండి."

"మరి? నీ ఒక్కదానికే తెలిస్తే ఆ బరువంతా నువ్వే మొయ్యాలి."

రికార్డరు దొరకలేదు. ఇవాళ్టికీ దొరకలేదు. చాలా రోజులు నేను ఆ గదిలో మూలమూలా వెతుకుతూనే ఉండేదాన్ని. చూసి చూసి ఒకరోజు మేడం, "అది దొరికితే నువ్వు మంచిదానివని తేలుతుందనా? నువ్వేం పరీక్ష రాయలేదమ్మా, ఫలితాల కోసం ఎదురుచూడ్డానికి" అన్నారు. అప్పటికి గానీ నాకు ఏడుపు రాలేదు. సంగం జాగర్లమూడికి మళ్ళీ వెళ్ళినప్పుడు, అందరినీ ఇద్దరిద్దరిగా పంపి, నన్ను తనతో తీసుకెళ్ళారు.

శనివారం కూడికలో నా ముందు మాట్లాడిన పెద్దమనిషి, "మేడంగారు జీవితంలో ఎవరినీ తప్పుగా అనుకోలేదు" అన్నారు. హాలంతా తలలూపింది. అవునని ఊరుకుంటే ఆవిడ చేసిన గొప్ప పని ఆవిడతోనే పోతుంది. చెబితే, ఆవిడ పేరు చెడగొట్టడానికి వచ్చాననుకుంటారు. పైగా, చెప్పాలంటే ముందు నా ఊరి పేరు చెప్పాలి.

మైకు దగ్గరికెళ్ళి, "మాది స్టూవర్టుపురమండి. మేడం ఒకసారి నన్ను దొంగ అనుకున్నారు" అన్నాను. మొత్తం చెప్పాను. దిగి వచ్చి కూర్చుంటే నా పక్కావిడ కొంగు సర్దుకుని కొంచెం జరిగింది. ఎందుకు జరిగిందో నాకు తెలియదు, చోటివ్వడానికే కావచ్చు.

ప్రార్థన అయ్యాక తమ్ముడుగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఆ రోజు రేపల్లె నుంచొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయిందమ్మా. ఏంటక్కా అంటే, నా దగ్గర చదివే పిల్లని దొంగని చూసినట్టు చూశాన్రా అంది. ఎవరా పిల్లంటే చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లడిగినా చెప్పలేదు."

"ఎందుకటండి?"

"చెబితే, ఆ పిల్ల మనింటికి వచ్చినప్పుడు నువ్వూ ఒక్కసారి అలాగే చూస్తావురా అంది."

ఆ ఇంట్లో నేను ఎన్నో పూటలు భోంచేశాను. ఆయనే వడ్డించేవారు. "ఏ ఊరమ్మా మీది?" అని ఆయన అడగబోయినప్పుడల్లా మేడం "ముందు పిల్లకి పులుసు వెయ్యరా, చల్లారిపోతోంది" అని అడ్డుపడేవారు. నా ఊరంటే ఆవిడకీ నామోషీ కాబోలనుకుని నేను లోపల్లోపల నొచ్చుకునేదాన్ని. ఆయన తలొంచుకుని పులుసు వేసేవారు. మేడం తన కంచం వదిలేసి, నాకు వడ్డిస్తున్న తమ్ముడి ముఖంలోకే చూస్తూ ఉండేవారు.